వీపుతో చూడటం

శ్రీకాకుళంలో స్నేహితుడి పెళ్లికి వెళ్లి కడపకు తిరిగొస్తూ, రైల్లో మా బడిపిల్లల ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. సీ, లుక్, వాచ్‌లకు తేడా రాయమంటే అందరూ మూడింటికీ ‘చూచుట’ అనే రాశారు. విసుగ్గా ఎర్రగీతలు కొట్టేస్తున్నాను.

“ఆ పిల్లలేటి తప్పు రాసారు బాబూ?” అంది ఎదురుగా ఎండుచేపల తట్టతో కూర్చున్న పెద్దామె.

మూడింటికీ ఒకే మాట రాశారని, కంటపడితే సీ, కావాలని చూపు తిప్పితే లుక్, కదిలేదాన్ని కనిపెట్టుకుని ఉంటే వాచ్ అని చెప్పాను.

“నా కొడుకు సముద్రం మీద ఏటకెల్తే, పడవ కెరటాలు దాటీదాకా ఒడ్డున నిలబడి సూత్తాను. అది వాచ్ అంతారా?”

“అదే.”

“దాటేక ఇంక సూడకూడదు. ఎనక్కి తిరక్కుండా ఇంటికెల్లిపోవాల. మా ఊరి ఆడోల్లందరం అంతే. పొయ్యికాడ కూకుంతాను, ఈపు సముద్రం కేసి ఉంతాది. ఆడొచ్చీవరకూ ఆ ఈపుతోనే సూత్తాను బాబూ. దాన్నేటంతారు?”

ఆమె దిగాల్సిన చీపురుపల్లి స్టేషన్ వచ్చింది. తట్ట ఆమె తలకెత్తుతూ, “తెలీదమ్మా” అన్నాను.

“మరయితే ఆ పిల్లలకీ మార్కులేసెయ్ బాబూ,” అంటూ దిగిపోయింది.