మిషిగన్‌లో పడాల్సిన ఓటు: బ్రాంప్టన్ నుంచి ఒక మంగళవారం

మా బేస్‌మెంట్ పైన ఉండే రమణమ్మ ఆంటీ అమెరికా సిటిజన్. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్క ఊళ్లో స్కూల్ వంటగదిలో ఏళ్లతరబడి పనిచేసి, పక్షవాతం వచ్చాక కెనడాలోని బ్రాంప్టన్ వచ్చారు. 2024 అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ ఆవిడకి పోలింగ్‌కి ముందురోజు అందింది. మిషిగన్ ఎటు మొగ్గుతుందో ఎవరూ చెప్పలేని రోజులవి. "పోస్టులో వేస్తే చేరుతుందో లేదో. రేపు రాత్రి ఎనిమిదికి పోలింగ్ ముగిసేలోపు అక్కడి ఆఫీసులో నేనే ఇచ్చొస్తా, తీసుకెళ్తావా అమ్మా?" అన్నారు. నాకు అమెరికా విజిటర్ వీసా ఉంది, సరేనన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి బయల్దేరాం. 401 హైవే మీద సరిహద్దు ఊరు విండ్సర్‌కి మామూలుగా నాలుగు గంటలు. దారిలో లండన్ అనే ఊరు దాటాక యాక్సిడెంట్ జరిగి గంటకు పైగా కారు కదల్లేదు. ఆంటీ బ్యాలెట్ కవరు ఒళ్లో పెట్టుకుని గడియారం చూస్తూనే ఉన్నారు. నది కింది టన్నెల్ దాటి అమెరికా వైపు చేరేసరికి ఆరు. నాది ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి ఐ-94 అనే ప్రవేశ పత్రం కోసం లోపలికి పంపారు. "ఎందుకొచ్చారు?" అని ఆఫీసర్ అడిగితే, "ఈవిడ ఓటు ఇవ్వడానికి" అన్నాను. "మరి మీరు?" "డ్రైవర్ని." అతను నవ్వలేదు. బయటపడేసరికి ఏడు దాటింది.

బ్యాలెట్లు తీసుకునే సిటీ క్లర్క్ ఆఫీసుకి చేరేసరికి ఏడూ నలభై. కౌంటర్లో ఉన్నావిడ కవరు మీది సంతకాన్ని కంప్యూటర్‌లో ఉన్నదానితో పోల్చి తల అడ్డంగా ఊపింది. "రెండూ కలవట్లేదు."

ఆంటీ పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కౌంటర్ మీద పెట్టారు. "కంప్యూటర్‌లోది ఈ చేత్తో చేసింది. ఇప్పుడు ఎడమచేత్తో చేస్తున్నా," అన్నారు వచ్చీరాని ఇంగ్లీషులో. కౌంటర్లో ఆవిడ ఆంటీ పాస్‌పోర్ట్ చూసి, కొత్త సంతకానికి ఒక ఫారం ఇచ్చింది. ఒక్కో అక్షరం దిద్దుతూ ఆంటీ సంతకం చేశారు. ఏడూ యాభై నాలుగుకి కవరు పెట్టెలో పడింది.

మర్నాడు పొద్దున ఫోన్ పట్టుకుని పైకెళ్లాను. "మిషిగన్ రిపబ్లికన్లకే పోయింది ఆంటీ." ఆవిడ ముఖంలో నాకేమీ దొరకలేదు. "అది సరే, నాది లెక్కలోకి తీసుకున్నారా, చూడు." వెబ్‌సైట్‌లో చూసి తీసుకున్నారని చెప్పాక గాని కాఫీ గ్లాసు అందుకోలేదు.

కెనడా రాకముందు మిషిగన్‌లోనే నేను ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఎవరు గెలిస్తే నా వీసా ఏమవుతుందన్న భయంతోనే ఎన్నికలు చూసేదాన్ని. గెలుపోటముల అవతల, తన మాట నమోదైందా అని అడగడం కూడా ఒకటుంటుందని ఆ పొద్దున తెలిసింది. ఆవిడ ఎవరికి వేశారో నాకిప్పటికీ తెలీదు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లు ఐ-94కి ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోండి, బోర్డర్ దగ్గర చాలా సమయం కలిసొస్తుంది.