కూర వండుకోమన్న కోడి

రాజోలు దగ్గర ఒక కొబ్బరితోటలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పందెం కోళ్ళ మకాం ఉంది. నలభై పుంజులు. ఒక్కోదానికి విడి గది, దోమతెర, ఫ్యాను. పొద్దున్న నానబెట్టిన బాదంపప్పు, మధ్యాహ్నం మటన్ కైమా, ఆపైన వేణ్ణీళ్ళ కాపడం. ఇంత సేవా దేనికంటే, చివరికి కాలికి కత్తి కట్టి ఇంకో కోడి మీదికి తోయడానికి. చట్టం వద్దన్న పని అది. రావుగారికీ తెలుసు, తోటలో కుర్చీలేసుకుని మీసాలు దువ్వుకునే పెద్దమనుషులకూ తెలుసు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు సంస్కృతి.

ఆ మకాం ఊడ్చేది కాలవగట్టు పేటలో ఉండే సుందరి. యాభై దాటిన మనిషి, భర్త లేడు. ఆరేళ్ళుగా ఆ కోళ్ళ రెట్ట ఎత్తిపోస్తోంది. ఆ ఆరేళ్ళలో ఒక్క పెద్దమనిషీ ఆవిడను ‘తిన్నావా’ అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే కోళ్ళకు దిష్టి తగులుతుందనుకున్నారేమో.

పోయిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున మకాంలోకి బావురుపిల్లి దూరింది. దొంగల కోసం ఆరు కెమెరాలు పెట్టించిన రావుగారు, ముందురోజు కోళ్ళను చూడ్డానికొచ్చిన స్నేహితులు తలుపు గడియ వేశారో లేదో చూసుకోలేదు. ఊడవడానికి వచ్చిన సుందరి చీపురుకట్టతో పిల్లిని తరిమింది. అప్పటికే ఒక డేగరంగు పుంజు వీపు తోలు లేచిపోయింది. ఎడమ రెక్క వేలాడుతోంది.

రావుగారు బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చారు. కోడిని ముట్టుకోలేదు. కోళ్ళకు జాతకాలు చెప్పే ఆయనకు ఫోన్ చేసి, ఈ వారం గండం ఉందని తెలుసుకుని తృప్తిపడ్డారు.

“ఇంక దీని పనైపోయింది. సుందరీ, పట్టుకెళ్ళి కూరొండుకో.”

“ఆయ్, అలాగేనండి,” అని సుందరి కోడిని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

సాయంత్రానికి మరిది ఇస్సాకు గుమ్మంలోకి వచ్చాడు. అతను కూడా ఆ మకాంలోనే కోళ్ళకు మేత పెడతాడు.

“వదినా, మా ఇంట్లో మసాలా నూరేసేరు. ఎప్పుడు కోస్తావు?”

“ముందు నీ నాలుక కోస్తాను. తర్వాత చూద్దాం.”

అప్పటికే ఆవిడ ఉప్పునీళ్ళతో గాయం కడిగి, కాచిన సూదితో, నూలుదారంతో తొమ్మిది కుట్లు వేసింది. రెక్కను ఒంటికి ఆనించి పాతచీర పీలికతో కట్టింది. గంప కింద ఎండుగడ్డి పరిచి పడుకోబెట్టింది. మూడోరోజు గాయంలో పురుగులు కనిపించాయి. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పోసి, పైకి తేలిన పురుగులను ఒక్కొక్కటే పుల్లతో తీసింది. నూకల జావ చెంచాతో పట్టించింది.

“ఎందుకు వదినా నీకీ తాపత్రయం?” అన్నాడు ఇస్సాకు.

“పిల్లి నోట్లోంచి నావైపు చూసిందయ్యా. చూసినదాన్ని ఎలా కొయ్యను?”

పదోరోజుకి పుంజు లేచి నిలబడింది. మూడు వారాలకు సుందరి కట్టు విప్పింది. రెక్క కాస్త వంకరే గాని ఎగరగలదు. ఇస్సాకు నోరు ఊరుకుంటుందా? ఆ సంగతి మకాంలో చెప్పేశాడు.

మరో మూడు వారాలకు రావుగారి కారు కాలవగట్టు మీద ఆగింది. ఆయన పేటలోకి దిగలేదు. కారు పక్కనే నిలబడి కేకేశారు.

“ఏం సుందరీ, నా కోడి బతికిందటగా? పట్రా. నీకో బ్రాయిలర్ పంపిస్తాలే.”

ఇస్తే ఏమవుతుందో సుందరికి తెలుసు. మళ్ళీ బాదంపప్పు, మళ్ళీ కత్తి. కాదంటే పని పోతుంది. పైగా రేపు దొంగతనం కేసు పెట్టినా పెడతారు. కొంగు దోపుకుని గట్టెక్కింది.

“తప్పకుండా తీసుకెళ్ళండి. పెరట్లోనే ఉందండి, మా పెట్టలతో తిరుగుతా.”

రావుగారి మొహం మాడిపోయింది. పందెం పుంజుకు పెట్ట నీడ కూడా తగలనివ్వరు ఈ మహావీరులు. పెట్టతో కలిస్తే పౌరుషం కారిపోతుందని వాళ్ళ నమ్మకం. పౌరుషం గురించి వాళ్ళకు తెలిసింది అంతే.

“ఎన్నాళ్ళబట్టి?”

“కట్టు విప్పిన కాణ్ణుంచీనండి.”

“బుద్ధుందా నీకు? జాతి పుంజుని పెట్టల్లో వదుల్తావా?”

“కూరొండుకోమన్నారు కదండీ మీరు. కూరకెళ్ళేదానికి నియమాలేంటని వదిలేసేనండి.”

రావుగారు కాలవలోకి ఉమ్మి కారెక్కారు. అద్దం దించి, “రేపట్నుంచి పనిలోకి రావక్కర్లేదు,” అన్నారు.

“ఆయ్, మంచిదండి.”

గట్టు కింద నిలబడి అంతా విన్న ఇస్సాకు తల పట్టుకున్నాడు. “తెలిసే వదిలేవా వదినా?”

“ఆరేళ్ళు ఊడ్చేను. ఆమాత్రం తెలీదా?”

సుందరి పెరట్లోకెళ్ళి చేటలో నూకలు తెచ్చి చల్లింది. పుంజు పెట్టలను పొడిచి ముందుకు రాబోయింది. ఆవిడ చేటతో దాన్ని పక్కకు నెట్టింది.

“వెనక్కి జరుగు. ఇక్కడ నీకు వేరే వడ్డన లేదు.”