బియ్యం సంచిలో ఎర్ర కారు చరిత్ర

మా ఎర్ర కారు చూడ్డానికి పందేనికి బయల్దేరినట్టు ఉండేది. వెనక రెక్క, నల్లటి చక్రాలు, నేలకు ఆనుకున్నట్టుండే సీట్లు. దాన్ని నేను ఆరేళ్లపాటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెండో గేర్లో నడిపాను.

అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక అందులో కూర్చోవడం బావిలోకి దిగడంలా తయారైంది. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు ఆటోలో వెళ్తూ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నన్ను తలుచుకునేది. ఎత్తు సీట్ల కారు కొనాలి. అపార్ట్‌మెంట్‌లో మా పార్కింగ్ ఒక్కటే. కాబట్టి ముందు ఇది అమ్ముడుపోవాలి.

అది అమ్ముడుపోకుండా ఆపింది మా ఆవిడ నిజాయితీ. ఆమె కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతుంది. మెకానిక్ ఏ భాగం మార్చినా పాతది అడిగి తెచ్చేది. పేపర్లో చుట్టి, ల్యాబ్ సీసాకు అంటించినట్టు చీటీ అంటించి, బాల్కనీలో ఉన్న బియ్యం సంచిలో వేసేది. ఎవరైనా కారు చూడ్డానికి వస్తే తాళాలకంటే ముందు ఆ సంచి కిందికి దిగేది.

"ఇది క్లచ్ ప్లేటు, అరిగితే మార్చాం. ఇది ఏసీ కంప్రెసర్. వెనక చక్రాల దగ్గర చప్పుడు మూడుసార్లు చూపించాం, వానాకాలంలో ఇంకా వస్తూనే ఉంది."

మొదటి ఇద్దరికీ సరిగ్గా అప్పుడే ఫోన్లు వచ్చాయి. మాట్లాడుకుంటూ గేటు దాటారు.

"కాస్త తగ్గించి చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీరు కొనేటప్పుడు అవతలివాళ్లు తగ్గించి చెబితే ఊరుకుంటారా?"

ఊరుకోను. అందుకే సంచిని నేనే మళ్లీ పైకి మోశాను.

మూడో మనిషి ఆదివారం పొద్దున అల్మాస్‌గూడ నుంచి వచ్చాడు. చీరల షాపులో పనిచేస్తాడట. సంచి ముందు గొంతుక్కూచుని, ఒక్కో భాగాన్నీ చీర అంచు చూసినట్టు వెలుతురులో తిప్పి చూశాడు. చివరికి పగిలిన హెడ్‌లైటు తీశాడు.

"ఇదేంది మేడమ్?"

మా ఆవిడ చీటీ చదివింది. "సరూర్‌నగర్ స్టేడియం దగ్గర ఆపి ఉంచితే ఎవరో గుద్ది వెళ్లిపోయారు." ఆ పైన చీటీలో లేనిది కూడా చేర్చింది. "మావారు చాలా జాగ్రత్తగా నడుపుతారండీ."

సంచి మొత్తంలో తప్పుడు చీటీ అదొక్కటే. రెండేళ్ల కిందట రాయించింది నేను. నిజం చెబితే ఇతనికీ ఫోన్ వస్తుంది, అమ్మకు మళ్లీ ఆటో. ఊరుకుంటే, అబద్ధమాడటం చేతకాని మనిషి నోట నా అబద్ధం అమ్ముడుపోతుంది.

"ఎవరో కాదు, నేనే," అన్నాను. "ఎల్బీనగర్లో మెట్రో స్తంభానికి కొట్టాను. ఆపి ఉన్న మాట నిజమే. ఆపి ఉన్నది స్తంభం."

తప్పు సమీకరణాన్ని ధైర్యంగా రాసిన విద్యార్థిని చూసినట్టు మా ఆవిడ నావైపు చూసింది.

"ఎంత స్పీడ్ల గుద్దినవ్ అన్నా?" అన్నాడతను.

"కర్ర పట్టుకుని నడుస్తున్న ఒక పెద్దాయన నన్ను దాటిపోయాడు."

"మరెట్ల తగిలింది?"

"మిర్చి బజ్జీల బండి వైపు చూస్తున్నాను."

అతను కింద కూలబడి నవ్వాడు. "అక్కా, గీ ఇంజన్‌ని అన్న అస్సలు పరేషానే చెయ్యలే! గిట్లాంటి బండి యాడ దొర్కుతది? నేను తీస్కుంట. సంచి గూడ ఇయ్యుండ్రి."

మా ఆవిడ నవ్వలేదు. పెన్ను అడిగింది. పాత చీటీలో మాటలు కొట్టేసి, 'ఎల్బీనగర్. మెట్రో స్తంభం. మావారు' అని రాసి అతని చేతికిచ్చింది. సంచీ ఇచ్చేసింది. హెడ్‌లైటు మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు అమ్మ కొత్త కారులో కుర్చీలో కూర్చున్నంత తేలిగ్గా కూర్చుంటుంది. హెడ్‌లైటు మా గుమ్మం పక్కన, తాళాలు తగిలించే చోట ఉంది. దానికి చీటీ రెండో ప్రతి అంటించి ఉంది. మా ఆవిడ చేతిరాత చాలా బాగుంటుంది. చెప్పులు విప్పే చోటినుంచి కూడా చదవొచ్చు.