చెట్టు మీద ఉతికిన బట్టలు

చంద్రపూర్‌లో తుకుం పేటలోని మా ఇంటి వెనక, నల్లా పక్కనున్న బట్టలబండ నిజానికి చెట్టేనని నాన్న పెళ్లయిన కొత్తలోనే అమ్మకు చెప్పాడట. తను పనిచేసే బొగ్గుగనిలో పైమట్టి తీస్తుంటే బయటపడితే, సైకిల్‌కు కట్టుకుని తెచ్చాడట. ఆ మాట మా ఇంట్లో ఒక్కరు నమ్మితే ఒట్టు.

"చెట్టంటివి గదా, పొయ్యిల పెట్టయ్యా, మండుతదో లేదో చూద్దాం," అనేది అమ్మ సబ్బునురగ చేతులతోనే. నాన్న మూతి ముడుచుకుని చాయ్ కూడా ముట్టేవాడు కాదు. రిటైరైనా ఆ అలక పోలేదు. నేనూ అమ్మ పక్షమే. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. పాపం, ఇంట్లో ఒక్కరైనా నమ్మాలన్నదే ఆయన ఆశ.

అందుకే మొన్న ఎండాకాలం, నేను పనిచేసే కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మేడమ్‌ను, ఆమె కూడా మన తెలుగావిడే, బతిమాలి, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఇంటికి పిలుచుకొచ్చాను. నాన్న ఇస్త్రీ చొక్కా విప్పకుండా కూర్చున్నాడు. ఆమె బండ మీద చెంబెడు నీళ్లు పోసి, భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూసింది.

"చెట్టే కాకా. రాయిగ మారిన చెట్టు. ఈ గీతలు చూడుండ్రి, ఒక్కోటి ఒక్కో ఏడు. వెడల్పుగ ఉన్న ఏడు నీళ్లు బాగ దొరికినట్టుంది. గీత అంచు గిట్ల సన్నగ, నల్లగ ఉన్న కాడ చలికి పెరుగుడు ఆగి ఉంటది."

"చంద్రపూర్‌ల చలా!" అమ్మ కూలర్ వైపు చూసి పకపకా నవ్వింది.

"బొగ్గు పుట్టిన కాలంల, అమ్మా."

నాన్న అమ్మ మొహంలోకే చూస్తున్నాడు, ఇప్పుడేమంటావన్నట్టు. అంతలో మేడమ్ బండను తడుముతూ, "అయ్యో, ఈ దిక్కు ఎవరో ఉలితోని కొట్టిన్రు. బయటి గీతలు లేవు. చెట్టు ఆఖరి ఏండ్లన్నీ పోయినయ్," అంది.

నాన్న మొహం వాడిపోయింది. "నేనే మేడమ్. గరుకుగ ఉండె. ఈమె చేతులు గీరుకుపోతయని, తెచ్చే ముందే వర్క్‌షాపుల కూసొని చెక్కిన."

బండ పుట్టుకతోనే అంత చదునని అమ్మ ఇన్నేళ్లూ అనుకుంది.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దానికి గూడ నవ్వుతుంటివి."

అమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్లొత్తుకుంది. ఏ జాతి చెట్టో తేల్చాలంటే మైక్రోస్కోపు కింద పెట్టాలని, వేలెడు మందం ముక్క కోసుకుంటానని మేడమ్ అడిగింది. నాన్న అమ్మ వైపు చూశాడు. బండ ఆమెది కదా.

"కొయ్యుండ్రి మేడమ్," అంది అమ్మ. "ఈయన మాట నిజమని నలుగురికి తెల్వాలె. కానీ ఈయన చెక్కిన దిక్కు మాత్రం ముట్టకుండ్రి."