పెన్న ఇసుకలో ఓబులక్క నేర్పిన నడక

నెల కిందట సాధన చేస్తూ ఒక ఇసుక దిబ్బలో జీపు దించాను. బండి కూరుకుపోతుంటే ఏం చేయాలో తోచక యాక్సిలరేటర్ తొక్కుతూనే కూర్చున్నాను. బండి పక్కకు ఒరిగి, పక్క సీట్లో దారి చెబుతున్న నా స్నేహితురాలు నవీన మణికట్టు విరిగింది. ఆనాటి నుంచి ఇసుకలో బండి దించాలంటేనే భయం. చలికాలంలో జరిగే ఎడారి ర్యాలీకి మా ఇద్దరి పేర్లూ ఇచ్చి ఉన్నాం. వస్తున్నామో లేదో ఎవరికి వాళ్లం ఫోన్లో ఖాయం చేయాలి, ఆ గడువు మొన్న బుధవారం సాయంత్రం ఆరింటి వరకే ఉంది. మానేద్దామనే అనుకున్నాను. మానేసే ముందు ఓబులక్కను ఒకసారి చూడాలనిపించింది.

ఓబులక్క వేముల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. పెళ్లయ్యాక జమ్మలమడుగు పల్లెలకు మనుషుల్ని చేరవేసే జీపు నడిపింది. అక్కడి నుంచి ర్యాలీల్లోకి వెళ్లి, ఈ ప్రాంతం నుంచి ఎడారి పోటీలో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడమనిషి అయింది. ఫోన్ చేసి నా గోడంతా వెళ్లబోసుకుంటే, "ఏడ్చేదేదో ఈడికొచ్చి ఏడుద్దువు గానీ, రా" అని పెట్టేసింది. మాది ఒంగోలు. ఆ మాట తీరుకు మొదట కాస్త బిత్తరపోయాను.

బుధవారం తెల్లవారుజామున రేణిగుంటలో రైలు మారి ఎనిమిదిన్నరకు ఎర్రగుంట్లలో దిగాను. సిమెంటు లారీల వెనకాలే బస్సులో అరగంట వెళితే ప్రొద్దుటూరు. బస్టాండు నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలిచ్చి బాషా భాయ్ షెడ్డుకు చేరాను. గల్ఫ్‌లో చాలా ఏళ్లు ఎడారి బండ్లు బాగుచేసి వచ్చిన మెకానిక్ ఆయన. ఓబులక్క బండ్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. టీ చేతికిచ్చి, ఆమె పాత జీపు తాళం కూడా చేతిలో పెట్టాడు.

"అక్క జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉంటాది. నిన్నే బండి తోలుకొని రమ్మనింది."

"నా వల్ల కాదు భాయ్. ఎవరైనా డ్రైవరుంటే పంపండి."

"డ్రైవరువి నువ్వే కదమ్మా. ఇంగొకర్ని పంపితే ఆయమ్మ నన్ను తిడ్తాది" అన్నాడు, మళ్లీ బోనెట్ కిందికి తల దూరుస్తూ.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు మామూలుగా నలభై నిమిషాలు. నాకు గంట పట్టింది. ఎండిన ఏటి ఒడ్డున బండ్ల బాట చివర నిలబడి ఉంది ఓబులక్క. అరవై దాటిన మనిషి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. పలకరింపులు ఏమీ లేవు. పక్క సీట్లో కూర్చుని "దించు" అంది. దించాను. ఇరవై గజాలు వెళ్లగానే వెనక చక్రాలు కూరుకుపోయాయి. నా కాలు మళ్లీ యాక్సిలరేటర్ మీదికే వెళ్లింది.

"కాలు తియ్యి. ఇంజన్ ఆపి దిగు. చెప్పులు ఈడనే ఇడ్సు."

ఇద్దరం ఇసుకలో నడిచాం. కొన్నిచోట్ల మడమ మెత్తగా లోపలికి దిగుతోంది, కొన్నిచోట్ల అరికాలికి గట్టిగా తగులుతోంది. "గొర్రెల్ని ఏరు దాటించేటప్పుడు మా నాయన ముందు నన్ను నడ్సమనేటోడు. మడమ దిగిందంటే ఆడికి మందను తోలకూడదు. నాకు వచ్చిన ఇద్య అదొక్కటే" అంది. మొదటి ర్యాలీలో డ్రైవరెక్కడని అక్కడివాళ్లు అడిగితే నేనేనని చెప్పాల్సి వచ్చిందట. పోటీ సమయం నడుస్తుండగానే బండి ఆపి, చెప్పులు విడిచి, దిబ్బ మీద నడిచి చూసిందట. "చేను చూసుకోను వచ్చినావా అని నగినారు. మధ్యాన్నానికి ఆ నగినోళ్ల బండ్లనే తాళ్లేసి గుంజుతాండారు. నేను పక్కనుంచి పోయినా."

చక్రాల చుట్టూ ఇసుక తోడాం. ఇసుక మీద పరుచుకునేలా టైర్లు కాస్త మెత్తబడేదాకా గాలి తీశాం. నేను నడిచి చూసిన గట్టి నేల మీదుగా, నా అడుగుల వెంబడే, బండిని అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చాను. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆమె చూసీ చూడనట్టు టైర్లకు గాలి కొట్టింది.

అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు గంటన్నర. ఊరి బయట ఆమె చీనీ తోటలో, బత్తాయి చెట్ల కింద, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి పెట్టింది. నడుం నొప్పి ముదిరి పోటీలు మానేశానని, ఇప్పుడు నాలాంటి వాళ్లు వస్తే ఇలా ఏట్లోకి దించుతానని చెప్పింది. పైసా తీసుకోలేదు.

"నీకు భయం ఇసకంటే కాదు. ఆ పాప చెయ్యి ఇరిగిందని. మాట్లాడినావా ఆ పాపతో?"

లేదన్నాను. నెల రోజులుగా నవీన ఫోన్ చేస్తే నేను ఎత్తడం లేదు. ఐదున్నరకు ఫోన్లో పోటీ ఫారం తెరిచి చూశాను. నవీన తన వంతు నాలుగు రోజుల కిందటే ఖాయం చేసేసింది. చేతికి కట్టుతోనే. ఖాళీగా ఉన్నది నా పేరు పక్కనే. వస్తున్నానని నొక్కేశాను.

ఆ రోజు నాకు దొరికినదంతా ఉచితంగానే దొరికింది. బాషా భాయ్ నమ్మి తాళం ఇచ్చాడు. ఓబులక్క తన తండ్రి నేర్పిన నడకను నా కాళ్లకు అప్పజెప్పింది. నేను మొహం చాటేసిన స్నేహితురాలు నాకోసం పక్క సీటు వదలకుండా ఉంది. వీళ్లకు ఎంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను.

మీరూ పెన్నలో బండి దించాలనుకుంటే గాలి కొట్టే పంపు, చిన్న పార వెంట ఉంచుకోండి. ఎండ ముదరకముందే చేరండి, ఆలస్యమైతే ఇసుక కాళ్లను నిలవనివ్వదు. ముందు చెప్పులు విడిచి నడిచి చూడండి. ఆ సాయంత్రం నవీనకు ఫోన్ చేసి క్షమించమన్నాను, ఈసారి బండి ఆపి నేను ముందు దిగి నడుస్తానని చెప్పాను. "నువ్వు నడువు. నేను టైం చూస్తుంటా" అంది.