చిప్‌కి చీకటంటే భయమా

నిరుడు ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లోని మా ఆఫీసు నుంచి ఒక చిప్ పట్టుకుని బీమ్ ల్యాబ్‌కి వెళ్లాం. ఉపగ్రహాల్లో వాడే చిప్‌లు రేడియేషన్‌ని తట్టుకుంటాయో లేదో చూడటమే నా ఉద్యోగం. ఆ చిప్‌ని డిజైన్ చేసింది లావణ్య, కర్నూలు పిల్ల. ఈసారి ఫెయిలైతే డిజైన్‌ని పక్కన పెట్టేస్తామని మేనేజర్ ముందే చెప్పేశాడు.

అంతరిక్షంలో హెవీ అయాన్లనే బరువైన కణాలు తిరుగుతుంటాయి. ఒకటి చిప్‌లోకి దూరిందంటే దారి పొడుగునా చార్జ్ పుట్టించుకుంటూ పోతుంది. ఆ చార్జ్‌ని ట్రాన్సిస్టర్ లాక్కోవడాన్నే చార్జ్ కలెక్షన్ అంటాం. అది మోతాదు మించితే చిప్ దాచుకున్న సున్నా కాస్తా ఒకటైపోతుంది. ల్యాబ్‌లో ఆ కణాలను బీమ్‌గా, అంటే ఒక ధారగా, మేమే చిప్ మీదికి విసురుతాం. అవి ఎక్కువ లోతుకు దిగలేవు కాబట్టి చిప్ పైమూత తీసేసి, గాలి లేని చాంబర్‌లో పెడతాం.

అన్నీ బిగించాక లావణ్య తన ఐదేళ్ల కూతురికి వీడియో కాల్ చేసి, చాంబర్ కెమెరాలో కనిపిస్తున్న చిప్‌ని చూపించింది.

"ఈజ్ ఇట్ స్కేర్డ్, మమ్మీ?" అంది పాప.

"లేదులే బంగారూ, లైటేసి పెట్టినా."

కాల్ అయ్యాక మీటర్ చూశాను. బీమ్ ఇంకా మొదలే కాలేదు, చిప్ మాత్రం కరెంటు తెగ లాగేస్తోంది. కేబుళ్లు మార్చాం, పవర్ సప్లై మార్చాం. ఏం లాభం లేదు. మాకిచ్చిన టైమేమో అయిపోవస్తోంది.

"బీమ్ పడకముందే ఇట్లుంటే, పడినాక ఏమైతాదక్కా?" అని లావణ్య కళ్లు తుడుచుకుంది.

ఆ పిల్ల మొహం చూడలేక స్క్రీన్ వైపు తిరిగాను. చిప్ తళతళా మెరుస్తోంది. అసలు అది మాకెందుకు కనబడుతోంది? మూత తీసిన చిప్ మీద మామూలు వెలుతురు పడినా చార్జ్ పుడుతుంది, కరెంటు పెరుగుతుంది.

"లావణ్యా, లోపల లైటు తీశావా?"

ఆమె తల పట్టుకుంది. "పాపకు చూపిచ్చి మరిచేపోతినక్కా."

లైటు తీయగానే కరెంటు దిగిపోయింది. బీమ్ మొదలైంది. అయాన్లు తగిలినప్పుడల్లా తెర మీద చిన్న చిన్న పల్స్‌లు లేచి అణిగాయి. చివరిదాకా సున్నా సున్నాగానే ఉంది. లావణ్య నా చెయ్యి పట్టుకుని ఈసారి సంతోషంతో ఏడ్చింది.

సాయంత్రం మళ్లీ పాప ఫోను. "వాజ్ ఇట్ స్కేర్డ్?"

"లైటు తీసేసినాం గానీ, మమ్మీ పక్కనే ఉండె కదా. భయపడలేదు."

చిప్‌ని అనుమానించే ముందు మేం దాన్ని ఎలా చూస్తున్నామో చూసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి చాంబర్ లైటు నేనే ఆర్పుతాను. ఆర్పేటప్పుడు, పక్కనే ఉన్నామని చిప్‌కి ఒక మాట చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ.