ఎనిమిది గొట్టాలూ ఎనిమిది బొట్లూ

ఆ రోజుల్లో నన్ను నేను పరిచయం చేసుకోవడం పెద్ద పరీక్షలా ఉండేది. అమెరికాలో, సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి ఏ ఇంటికి వెళ్ళినా పులిహోర గిన్నె కింద పెట్టేలోపే ఎవరో ఒకరు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవారు. "మెకానికల్ ఇంజనీర్‌నండీ" అనేదాన్ని ఠీవిగా. "ఎక్కడ?" అనేవారు. అక్కడితో నా ఠీవి కాస్తా దిగిపోయేది. ఎక్కడేమిటి, ఇంట్లోనే! మా ఆయన వీసాకి తోకలా వచ్చిన వీసా నాది. చదువుకోవచ్చు, షాపింగ్ చేసుకోవచ్చు, వానని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. (వాన చూడ్డంలో ఆ ఏడాది నేను సంపాదించిన అనుభవం ఏ రెజ్యూమెలోనూ పట్టదు.) ఉండబట్టలేక కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ క్లాసులో చేరాను. గుంటూరులో ఇంజనీరింగ్ చదివినప్పుడు వెల్డింగ్ ల్యాబ్‌లో నా రెండు ఇనుప ముక్కల్నీ జాలిపడి అటెండరే అతికించి ఇచ్చాడు. ఆ అప్పు తీర్చుకుందామని కాదుగానీ, చేత్తో ఏదో ఒకటి చేసి "ఇది నేను చేశాను" అనాలని ప్రాణం కొట్టుకుపోయేది.

మా పక్కింటి గ్యారేజీలో ఒక పెద్దాయన ఉండేవాడు. డెబ్బై దాటిన అమెరికన్. ఇంట్లో కంటే గ్యారేజీలోనే ఎక్కువగా కనిపించేవాడు కాబట్టి నేనూ మా ఆయనా ఆయనకి పెట్టుకున్న పేరు గ్యారేజీ తాత. ఎదురుగా మాత్రం "అంకుల్" అనేదాన్ని. "నేను నీకు అంకుల్‌ని ఎలా అవుతాను?" అని రెండు వారాలు వాదించి ఓడిపోయాడు. నన్ను "కిడ్" అనేవాడు. (నాకప్పుడు ఇరవై ఆరు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే అయినా నాకు గుర్తున్నది తెలుగులోనే కాబట్టి అలాగే చెబుతున్నాను.) ఆయన పదకొండేళ్ళుగా ఒక హాట్ రాడ్ కడుతున్నాడు. అంటే, మా తాతల కాలం నాటి కారు డొక్కు ఒకటి తెచ్చి, కప్పు కోసి కిందికి దించి, దానికి తగని పెద్ద ఎనిమిది సిలిండర్ల పాత ఇంజన్ పెట్టి, ఆ ఇంజన్ అందరికీ కనబడాలని మూత తీసేసి ఊరేగించే కారన్నమాట. అంతా అయింది, ఒక్క హెడర్లే మిగిలాయి. ఇంజన్‌లోంచి పొగని బయటికి తీసుకెళ్ళే గొట్టాలవి. పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది వంపులు తిరిగి, చివర కలిసి ఒక్కటవుతాయి. ఆ ఇంజన్‌కీ ఆ డొక్కుకీ సరిపోయేవి బజార్లో దొరకవు. వంకర గొట్టాల్ని ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అమర్చి అతకాలి.

ఒకరోజు ఆయన అతికిన ముక్క ఒకటి చూపించాడు. స్టీలు గొట్టం మీద కాకిరెట్టలా ఉంది ఆ అతుకు. నేను మొహమాటానికి "బాగుందంకుల్" అన్నాను. ఆయన కుడిచెయ్యి చాపి నా ముందు పెట్టాడు. అది ఆగకుండా వణుకుతోంది. "రెండేళ్ళయింది ఇలా. నువ్వు క్లాసుకి వెళ్తున్నావు కదా, ఒకసారి ఈ వెల్డింగ్ టార్చి పట్టుకో" అన్నాడు. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో సన్నటి తీగ అందించుకుంటూ పోవాలి. మా కజిన్ల పెళ్ళిళ్ళన్నిటికీ గోరింటాకు కోన్ నేనే పెట్టేదాన్ని, ఆ చెయ్యే ఇక్కడా పనికొచ్చింది. నేను అతికిన గీతని ఆయన అద్దాలు పైకెత్తి చూసి, అద్దాలు దించి చూసి, "సరే, కానీ ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

ఎందుకు తెలియకూడదంటే, ఆయనకి ఒక ముసలి స్నేహితుల గుంపు ఉండేది. శనివారం శనివారం కాఫీకి చేరేవారు. డబ్బులిచ్చి పని చేయించుకున్న కారంటే వాళ్ళకి మహా చులకన. మా తాత పదకొండేళ్ళుగా వాళ్ళ ముందు "ప్రతి బోల్టూ నా చేతిదే" అని మీసం మెలేస్తున్నాడు. (మీసం లేదు, ఊరికే అంటున్నాను.) ఆగస్టులో ఊరి కార్ల ప్రదర్శనలో ఆ మాట కార్డు మీద రాసి కారు ముందు పెట్టాలని ఆయన కోరిక. ఆ గుంపులో కంచుకంఠం ఒకాయన ఉన్నాడు, పార్కింగ్ లాట్ ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినిపిస్తుంది. వణికే చేతుల సంగతి ఆయనకి తెలిస్తే ఇంకేముంది! "ఇన్నేళ్ళూ చెప్పుకున్నది గాలికి పోతుంది, కిడ్. ఇక నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశాడు. ఆయనది వరంగల్. "ఏంది నువ్వు, వాళ్ళ గ్యారేజ్ల వర్క్ చేస్తే మన వీసా స్టేటస్ ఇష్యూ అయితది తెల్సా?"

"వర్క్ కాదండీ, హాబీ. డబ్బులేం తీసుకోవట్లేదు."

"కాఫీ ఇస్తుండా?"

"ఇస్తున్నారు."

"తాగకు. అది గూడ జీతమే అంటరు. లాయర్‌ని అడిగి చెప్త." లాయర్‌ని అడిగే ధైర్యం ఆయనకి చివరిదాకా రాలేదు. కాకపోతే నా పేరు ఎక్కడా బయటికి రాదని తెలిశాక కాస్త స్థిమితపడ్డాడు. అలా మా రహస్యం ముగ్గురికీ నచ్చింది. తాతకి పరువు, మా ఆయనకి వీసా, నాకు పని.

పని గురించి గొప్పలు పోవాలని ఉందిగానీ, మొదటి వైపు గొట్టాలు చేసిన తీరు చెబితే మీరే నవ్వుతారు. కంప్యూటర్లో గీసి, నాలుగూ సరిసమానమైన పొడవుండేలా లెక్కగట్టి, మూడు వారాలు కూర్చుని అతికాను. తాత చుట్టూ తిరిగి చూసి, "చాలా అందంగా ఉన్నాయి. ఇక స్పార్క్ ప్లగ్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఇంజన్ దించేద్దాం" అన్నాడు. రెండు ప్లగ్గులకి నా అందమైన గొట్టాలు సరిగ్గా అడ్డం పడ్డాయి. మళ్ళీ కోశాను. ఈసారి కంప్యూటర్ మూసి, డ్రై క్లీనింగ్ హ్యాంగర్ల తీగ వంచి, ప్లగ్గు తప్పించుకుని, స్టీరింగ్ కడ్డీ తప్పించుకుని దారి చూసుకున్నాను. తాత ముక్క పట్టుకునేవాడు, తప్పు చెప్పేవాడు, కాఫీ పోసేవాడు (తాగేదాన్ని, మా ఆయనకి చెప్పకండి). జూలై చివరికి ఎనిమిదీ పూర్తయ్యాయి. వాటిని చూస్తుంటే నాకు సిగ్గులేకుండా కళ్ళనీళ్ళు వచ్చాయి. నా ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, నేను చేసిన వస్తువు ఒకటి ఈ భూమ్మీద ఉంది.

ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు పొద్దున తాత ఆ గొట్టాల్ని స్పిరిట్‌తో తుడిచి తుడిచి అద్దాల్లా చేశాడు. "గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. మొదటి వేడికి వేలిముద్ర కూడా మాడి అలాగే నిలిచిపోతుంది" అని మూడుసార్లు చెప్పాడు. చెప్పి బ్యాటరీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. అదిగో, అక్కడ నా బుద్ధి గడ్డి తింది. కొత్త బండి, మొదటిసారి స్టార్ట్ చేస్తున్నాం, ఒక్క బొట్టయినా పెట్టకుండా ఎలా? మా వాళ్ళు కొత్త మిక్సీకి కూడా బొట్టు పెట్టాకే పచ్చడి రుబ్బుతారు. జేబులో పసుపు, కుంకుమ పొట్లాలు పొద్దుటి నుంచీ సిద్ధంగా ఉన్నాయి. ఆరిపోయి రాలిపోకుండా కాస్త కొబ్బరినూనె కూడా కలిపి, తాత కంటపడని చోట, కింది వంపులో ఒక్కో గొట్టానికీ పసుపు అద్ది, మధ్యలో కుంకుమ చుక్క పెట్టాను. ఆయన మాట కాదన్నానని అనుకునేరు, గ్లవ్స్ వేసుకునే పెట్టాను!

ఇంజన్ మోగింది. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. తాత చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గొట్టాలు బంగారు రంగు తిరిగి, ఆపైన నీలం తిరిగాయి. నేను మెల్లగా వంగి చూస్తే, నా ఎనిమిది బొట్లూ నల్లగా మాడి స్టీల్లోకి దిగిపోయి ఉన్నాయి. మర్నాడు తాత లేనప్పుడు గిన్నెలు తోమే పీచుతో రుద్దాను. బొట్లు చెక్కుచెదరలేదు, చుట్టూ స్టీలు గీసుకుపోయింది. కింద ఉన్నాయి కదా, ఎవరు పడుకుని చూస్తారులే అని దేవుడి మీద భారం వేశాను.

ప్రదర్శన రోజు మంచి చుడీదార్ వేసుకుని, బొట్టు పెట్టుకుని, మా ఆయనని వెంటబెట్టుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి తాత కారు కింద అద్దాలు పరుస్తున్నాడు! అడుగుభాగం కూడా జనానికి కనబడాలని అక్కడ అలా పరుస్తారట. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. ముందు కార్డు మీద పెద్ద అక్షరాలు: ప్రతి బోల్టూ యజమాని చేతిదే. గుంపు రానే వచ్చింది. కంచుకంఠం వంగి అద్దంలోకి చూసి, "గొట్టాల మీద ఈ చుక్కలేమిటి?" అన్నాడు, సియాటిల్‌కి వినిపించేలా.

తాత కూడా వంగి చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అయినా తడుముకోలేదు. "వేడి కొలవడానికి నేనే పెట్టాను" అన్నాడు. ముసలివాళ్ళంతా తలలూపారు. గండం గడిచిందనుకున్నాను. కంచుకంఠం మాత్రం నడుం నిటారుగా చేసి, నా మొహం చూశాడు. మళ్ళీ అద్దంలోకి చూశాడు. మళ్ళీ నా నుదురు చూశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే వరసలో చూశారు. మా ఆయన నా చెవిలో "పేరు చెప్పకు, పేరు చెప్పకు" అని జపం మొదలుపెట్టాడు.

తాత కారు ముందుకి నడిచాడు. తర్వాత కార్డు తీసి, బోర్లించి, కుడిచెయ్యి అందరి ముందూ చాపాడు. "వెల్డింగ్ ఈ అమ్మాయిది. నావల్ల కావట్లేదు" అన్నాడు. అంతా నా వల్లే, నోరు తెరిచి క్షమించమని అడగబోయాను. ఇంతలో వెనకనుంచి ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "నా గేర్‌బాక్స్ మా అల్లుడు బిగించాడు" అన్నాడు. ఇంకొకాయన, "నాకు కారు కింద దూరితే లేవడం రాదు, నాలుగేళ్ళయింది" అన్నాడు. అందరూ కంచుకంఠం వైపు చూశారు. ఆయన చాలాసేపు బిగదీసుకుని, "నా కార్బురేటర్ రెండేళ్ళుగా మా ఆవిడే ట్యూన్ చేస్తోంది. నాకు ఇంజన్ శబ్దం సరిగ్గా వినిపించదు" అన్నాడు. మడతకుర్చీలో స్వెటర్ అల్లుకుంటున్న ఆవిడ తలెత్తకుండా "మూడేళ్ళు" అంది. అప్పుడు నవ్వారు చూడండి, కళ్ళు తుడుచుకుంటూ, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని. నేనూ నవ్వాను, ఏడ్చాను కూడా.

తిరిగొచ్చేటప్పుడు తాత నన్ను ఆ కార్లోనే కూర్చోబెట్టుకున్నాడు. సగం దూరం వచ్చాం. తర్వాత, "ఇంతకీ ఆ చుక్కలు దేనికి?" అన్నాడు. చెప్పాను. "మరి బ్రేకులకి ఎందుకు పెట్టలేదు?" అన్నాడు సీరియస్‌గా. ఆ గొట్టాల్ని ఆయన ఎప్పుడూ పాలిష్ చేయించలేదు. కార్డు మాత్రం మళ్ళీ రాశాడు, కింద నా పేరు, స్పెల్లింగ్ తప్పుతో సహా. మా ఆయన దాన్ని ఫొటో తీసి, ఆ తర్వాత భయపడి డిలీట్ చేశాడు.

ఇప్పుడు నాకు వీసా తోక లేదు. పంపులు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీర్‌ని. "ఎక్కడ?" అని అడిగితే టక్కున చెబుతాను. మొన్నీమధ్య ఒక మీటింగ్‌లో డ్రాయింగ్ మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. కళ్ళు నులుముకున్నా అంతే. గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి పరీక్ష చేయించుకుంటే, చత్వారం వచ్చింది, అద్దాలు పెట్టుకోమన్నారు. అద్దాలు కొన్నాను, బ్యాగ్‌లోనే ఉన్నాయి. ఆఫీసులో మాత్రం డ్రాయింగ్‌ని తెర మీద బారెడు పెద్దది చేసి, "వెనక కూర్చున్నవాళ్ళకి కూడా కనబడాలి కదా" అంటున్నాను. మొన్న ఆ మాట అంటుంటే నా గొంతు నాకే తాత గొంతులా వినిపించి, మీటింగ్ మధ్యలో ఫక్కున నవ్వేశాను. అందరి ముందూ చెయ్యి చాపడానికి ఆ ముసలాయనకి ఎంత గుండె కావాల్సి వచ్చిందో ఇన్నేళ్ళకి తెలిసింది. నేనూ చెప్పేస్తాను, సోమవారం అద్దాలు పెట్టుకునే వెళ్తాను. లేదా ఆ పై సోమవారం. అందాకా మా ఆఫీసువాళ్ళెవరైనా కనబడితే మీరు మాత్రం అనకండి.